ప్రదర్శనంలో చూచిన ఇల్లు

కిందటి శీతకాలంలో హైదరాబాదులో జరిగిన ఒక గృహప్రదర్శనానికి సకుటుంబంగా వెళ్ళినాము. టిక్కెట్టు కొని లోపల అడుగు పెట్టగానే మొదట ఎదురైనవి రంగుల అంగళ్ళు. వాటి వెనుక తలుపులు, కిటికీలు, వెదురు పలకలు, ఎండతో నీళ్ళు కాచే యంత్రాలు, గోడకు వేలాడే పూలతోటలు. ప్రతి అంగడి నొసటను ‘పర్యావరణహితం’ అన్న మాట ఆకుపచ్చని అక్షరాలతో వ్రాసి ఉన్నది. ప్లాస్టిక్ తీగలతో అల్లిన కుర్చీలకు సైతం ఆ మాట తగిలించి ఉండడం చూచి మా పిల్లవాడు నవ్వినాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. దానికి కారణం చెప్పుకొనక తప్పదు.

తెనాలి ప్రాంతంలో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఒకటి ఉండేది. మూరన్నర మందం మట్టిగోడలు, ముందు వసారా, కిందికి దిగిన చూరు, వంటింట్లో పొగ పోవడానికి కప్పులో ఒక గవాక్షం. ప్రతి ఏటా పెంకు నేయించడం, గోడలకు మెత్తించడం, ఎలుకల బాధ, వీటితో విసిగి 2011వ సంవత్సరంలో నేనే దానిని పడగొట్టించి డాబా వేయించినాను. ఊరివారందరూ బాగున్నదన్నారు. మా అమ్మ ఏమీ అనలేదు. చైత్రం వచ్చేసరికి తన మంచం తీసికొని పక్కవారి పెంకుటింటి వసారాలోకి వెళ్ళిపోయినది. మరుసటి సంవత్సరం నేను ఇటువంటి ప్రదర్శనంలోనే, కప్పును చల్లబరుస్తుందని చెప్పిన ఒక రంగు కొన్నాను. పది సంవత్సరాలు ఢోకా లేదని అమ్మినతను పూచీ పడినాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి అది చేప పొలుసులాగా ఊడివచ్చినది. ఆ సంస్థ పేరుతో మనకు పని లేదు. అయితే అప్పటి నుండి ఒక ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు: ఇట్లా ప్రదర్శనాలలో చూపిన ఇళ్ళు, ప్రదర్శనం ముగిసిన తర్వాత ఏమైనవి? జనం గుమిగూడి చూచినవాటిలో కాలానికి నిలిచినదేది, రాలిపోయినదేది?

ఈ కథ 1851వ సంవత్సరంలో లండనులో ఆరంభమైనదని చెప్పవచ్చును. ఆ ఏడు మే 1వ తేదీ మొదలు అక్టోబరు 15వ తేదీ వరకు హైడ్ పార్కులో జరిగిన మహాప్రదర్శనాన్ని గురించి విననివారు అరుదు. జోసెఫ్ పాక్స్‌టన్ నిర్మించిన గాజు మహలు, అరవై లక్షల సందర్శకులు, కోహినూరు వజ్రం, ఇవన్నీ చరిత్రపాఠాలలో ఉన్నవే. ఆ గాజు మహలుకు వెలుపల, అశ్వికదళం బారకాసుల పక్కన, నాలుగు కుటుంబాలు కాపురముండదగిన ఒక చిన్న రెండంతస్తుల కట్టడం లేచినదన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ దానికి ఖర్చు భరించినాడు. హెన్రీ రాబర్ట్స్ అనే వాస్తుశిల్పి నమూనా వ్రాసినాడు. కూలివారి ఇల్లు ఎట్లా ఉండవలెనో లోకానికి చూపడం వారి ఉద్దేశం.

ఆ ఇంటిలోని విశేషమంతా ఇటుకలో ఉన్నది. రాబర్ట్స్ వాడినది బోలు ఇటుక. నడుమ ఖాళీ ఉండడం వలన మట్టి తక్కువ పట్టుతుంది. లోపలి గాలి చలిని, చెమ్మను, చప్పుడును అడ్డుతుంది. పై అంతస్తు నేలను, కప్పును కూడ కర్ర దూలాలు లేకుండ ఈ ఇటుకతోనే కమానులుగా కట్టి, ఇనుప కడ్డీలతో బిగించినారు. అందుచేత నిప్పు భయం తగ్గినది. తల్లిదండ్రులకు ఒక పడకగది, మగపిల్లలకు ఒకటి, ఆడపిల్లలకు ఒకటి, కాపురానికొక మరుగుదొడ్డి; మేడమెట్లు గాలి వెలుతురు తగిలేటట్లు ఆరుబయట. ఈ ఏర్పాటు మనకిప్పుడు వింతగా తోచదు. ఒకే గదిలో పదిమంది పడుకొనే ఆనాటి లండను కూలిపేటలను తలచుకొంటేనే దాని విలువ తెలుస్తుంది. రెండున్నర లక్షల మందికి పైగా దానిని చూచినారు.

ఆ కాలపు శాసనాలను కూడ ఇక్కడ జ్ఞాపకం చేసికోవలె. ఇంగ్లండులో 1784 నుండి ఇటుక మీద పన్ను ఉండేది, 1850లో ఎత్తివేసినారు. 1696 నుండి కిటికీల మీద పన్ను ఉండేది. ప్రదర్శనం జరుగుతుండగానే, 1851 జూలైలో దానిని రద్దు చేసినారు. గాలికి వెలుతురుకు సర్కారువారు సుంకం కట్టించుకొన్న దేశమది! పన్నుకు వెరచి జనం కిటికీలు ఇటుకలతో మూసివేసిన ఇళ్ళు ఆ దేశంలో ఇప్పటికీ కనిపిస్తవి. ఇంటికి వెలుతురు రావడానికి శిల్పి ప్రజ్ఞ ఒక్కటే చాలదని దీని వలన తెలుస్తున్నది.

ప్రదర్శనం ముగిసినది. గాజు మహలును విప్పి సిడెన్‌హామ్ అనే చోట మరింత పెద్దదిగా తిరిగి కట్టినారు. 1936 నవంబరు 30వ తేదీ రాత్రి అది దగ్ధమైపోయినది. కూలివారి నమూనా ఇంటిని కూడ విప్పి 1852లో కెన్నింగ్టన్ పార్కులో నిలబెట్టినారు. అది ఇప్పటికీ ఉన్నది. కొంతకాలం తోట కాపలాదారులు కాపురమున్నారు. తరువాతి కాలంలో చెట్లు నాటే సంస్థ ఒకటి దానిని కార్యాలయంగా వాడుకొన్నది. లక్షల గాజుపలకల మహలు బూడిద కాగా, కూలివాని ఇల్లు నూటడెబ్బది ఏళ్ళకు పైబడి నిలిచినది.

బోలు గోడ అక్కడితో ఆగలేదు. మన దేశంలో లారీ బేకర్ (1917–2007) కేరళలో ప్రచారంలోకి తెచ్చిన ‘ర్యాట్ ట్రాప్’ కట్టు ఇదే సూత్రానికి మరొక రూపం. మామూలు ఇటుకలనే పక్కకు నిలబెట్టి పేర్చితే గోడ మధ్య గుల్ల ఏర్పడుతుంది. సుమారు నాలుగవ వంతు ఇటుక మిగులుతుంది. ఆ గుల్లలోని గాలి బయటి వేడిని లోపలికి రానీయదు. ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ళ లోపల దొరికేదై ఉండవలెనని గాంధీజీ అన్న మాట తన జీవితాన్ని నడిపించినదని బేకర్ పలుమార్లు చెప్పుకొన్నాడు. ఈ కట్టుకు కొత్త యంత్రం అక్కరలేదు, కొత్త ఇటుక అక్కరలేదు. కావలసినది ఓపిక గల తాపీమేస్త్రి. బహుశా అందువల్లనే కాబోలు, ప్రదర్శనాలలో దీనికి అంగడి కనిపించదు. అమ్మడానికి ఇందులో ఏమున్నది?

రెండవ ఘట్టం 1905వ సంవత్సరంలో. లండనుకు ఉత్తరాన లెచ్‌వర్త్ అనే చోట అప్పుడప్పుడే ఉద్యాననగరం ఒకటి వెలుస్తున్నది. ‘స్పెక్టేటర్’ పత్రికా సంపాదకుడు సెయింట్ లో స్ట్రాచీ ఒక సవాలు విసిరినాడు: పల్లె కూలీకి నూటయాభై పౌన్లలో ఇల్లు కట్టగలవారెవరు? ఆ సవాలుకు జవాబుగా ఆ ఏడు జూలైలో చౌక ఇళ్ళ ప్రదర్శనం తెరిచినారు. నూరుకు పైగా ఇళ్ళు; వాటిని చూడడానికి అరవైవేలకు పైగా జనం. కర్రతో కొందరు, కాంక్రీటుతో కొందరు, ఒకరు గుండ్రంగా, మరొకరు గుడిసె ఆకారంలో, ఎవరి తెలివితేటలు వారు చూపినారు.

వాటిలో నేను ముఖ్యంగా చెప్పదలచినది లివర్‌పూల్ నగర ఇంజనీరు జాన్ బ్రోడీ పంపిన ఇల్లు. ఊరిలోని చెత్తనంతా పెద్ద కొలుములలో కాల్చివేయడం ఆనాటి ఇంగ్లీషు నగరాల వాడుక. కాలగా మిగిలిన చిట్టెం గుట్టలు గుట్టలుగా పేరుకొనేది. దానిని ఎక్కడ పారవేయవలెనన్నది నగరపాలకుల సమస్య. బ్రోడీ ఆ చిట్టెమును నలగగొట్టి, సిమెంటుతో కలిపి, గోడంత పలకలుగా పోతపోయించినాడు. ఆ పలకలను లివర్‌పూల్‌లోనే తయారుచేయించి, లెచ్‌వర్త్‌కు తరలించి అక్కడ కూర్చినాడు. చెత్త గోడ అయినది! పక్క ఇళ్ళ అందచందాల ముందు ఇది బోడిగా కనిపించి ఉంటుంది. కాని విల్‌బరీ రోడ్డులో అది ఇప్పటికీ ఉన్నది. చారిత్రక కట్టడంగా దానిని రక్షిస్తున్నారు.

ఈ బ్రోడీయే 1890 ప్రాంతంలో ఫుట్‌బాలు గోలు స్తంభాలకు వల కట్టే పద్ధతిని కనిపెట్టినవాడు. మరొక సంగతి: 1912లో కొత్త ఢిల్లీ నగరానికి స్థలం నిర్ణయించడానికి వచ్చిన ముగ్గురు సభ్యుల సంఘంలో లట్యెన్స్‌తో పాటు ఇతడు కూడ ఒకడు. పాలరాతి పలుకుబడి, ఎర్రరాతి దర్పము గల ఆ నగరపు నిర్మాణకథలో చెత్తబూడిదతో కూలివారికి ఇల్లు కట్టినవాని పేరు కూడ ఉండడం నాకెప్పుడూ విచిత్రంగానే తోస్తుంది.

బూడిద కథకు తెలుగునాట కూడ ఒక అధ్యాయం ఉన్నది. మన థర్మల్ విద్యుత్ కేంద్రాల చుట్టూ బొగ్గుబూడిద చెరువులుగా నిలిచిపోవడం అందరమూ ఎరిగినదే. విశాఖపట్నంలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అనే పరిశోధకులు ఆ బూడిదకు సున్నము, జిప్సము కలిపి ‘ఫాల్‌జీ’ అనే ఇటుక పద్ధతిని రూపొందించినారు. దీనిని కాల్చనక్కరలేదు, నీళ్ళతో తడిపి గట్టిపరచితే చాలు. బట్టీకి కట్టెలు, బొగ్గు, పొలంలోని పైమన్ను, మూడూ మిగులుతవి. ఈనాడు కోస్తా జిల్లాలలో బూడిద ఇటుక అంటే తెలియని మేస్త్రి లేడు. మొదట్లో మాత్రం ‘బూడిదతో ఇల్లా! అశుభం కాదా?’ అని ముఖం చిట్లించినవారిని నేనే ఎరుగుదును.

చౌక ఇళ్ళ ప్రదర్శనం జరిగిన మూడేళ్ళకు, 1908లో, లండనులోని ఒలింపియా భవనంలో ‘డెయిలీ మెయిల్’ పత్రికవారు ఆదర్శగృహ ప్రదర్శనం ప్రారంభించినారు. ఇక్కడ నుండి వాటం మారినది. కూలివాని ఇంటి స్థానంలో మధ్యతరగతి ఇల్లాలి కోరికలు వచ్చినవి. ఇల్లు కట్టడం కంటె ఇంటిలోకి కొనడం ప్రధానమైనది. నేటి మన గృహప్రదర్శనాలన్నింటికీ వంశకర్త ఇదే. దీనిని గురించి విస్తరించి చెప్పను. ఒక్క ముచ్చట చాలును. 1956వ సంవత్సరపు ప్రదర్శనంలో అలిసన్, పీటర్ స్మిత్‌సన్ దంపతులు ‘భవిష్యద్గృహం’ అనే ప్లాస్టిక్ ఇంటిని చూపినారు. జనం తండోపతండాలుగా వచ్చి గోడల కంతలలో నుండి తొంగిచూచినారు. నిజానికి ఆ ప్లాస్టిక్ ఇల్లు ప్లైవుడ్‌తో కట్టి, పైన పూత పూసి, ప్లాస్టిక్ అనిపించేటట్లు రంగు వేసినది!

ఇటువంటి మాయల నడుమ సత్యం ఒక్కొక్కప్పుడు అనుకోకుండ బయటపడుతుంది. దానికి నిదర్శనం 1933వ సంవత్సరంలో అమెరికాలోని షికాగో నగరంలో జరిగినది. ఆర్థికమాంద్యం దేశాన్ని పీడిస్తున్న రోజులవి. ‘శతాబ్ది ప్రగతి’ అనే పేరుతో అక్కడ తెరచిన మహాప్రదర్శనంలో నమూనా ఇళ్ళ వాడ ఒకటి ఏర్పాటు చేసినారు. అందులో జార్జి ఫ్రెడ్ కెక్ అనే వాస్తుశిల్పి కట్టిన ‘రేపటి ఇల్లు’ పన్నెండు పలకలుగా, చుట్టూ గాజుగోడలతో నిలిచినది. కింది అంతస్తులో మోటారుకారుకే కాక విమానానికి కూడ కొట్టం! రేపటి గృహస్థు విమానంలో కొట్టుకు వెళ్ళివస్తాడని వారి ఊహ. పది సెంట్లు అదనంగా చెల్లించి జనం విరగబడి చూచినారు.

కెక్‌కు మాత్రం ఆ ఇల్లు మరొక సంగతి చెప్పినది. నిర్మాణం జరుగుతున్న చలికాలంలో ఒకనాడు ఆయన పనివారిని చూడడానికి వెళ్ళినాడు. షికాగో చలి సామాన్యమైనది కాదు. వెలుపల నీరు గడ్డకట్టుకొని ఉన్నది. ఇంటిలో కొలిమి ఇంకా రగిలించలేదు. అయినా పనివారు కోట్లు విప్పివేసి, ఉత్త చొక్కాలతో పని చేసికొంటున్నారు. గాజు గుండా వచ్చిన ఎండ లోపలనే చిక్కుకొని గదులను వేడి చేసినది. ప్రదర్శనం కోసం, అందం కోసం పెట్టిన గాజు ఈ గుణం తెలిసి పెట్టినది కాదు. వేసవి వచ్చేసరికి అదే గాజు ఇంటిని కుంపటి చేసినది. శీతలయంత్రాలు ఆ వేడికి చాలలేదు. అంటే గుణమూ దోషమూ ఒకే చోట బయటపడినవి. కెక్ రెండింటినీ మనస్సులో పెట్టుకొన్నాడు. అది మొదలు తాను కట్టిన ఇళ్ళకు దక్షిణపు వైపున పెద్ద గాజు కిటికీలు, వాటి మీద లెక్క ప్రకారం ముందుకు చాచిన చూరు అమర్చసాగినాడు. ఆ దేశంలో చలికాలపు సూర్యుడు దక్షిణాన వంగి ఉంటాడు గనుక కిరణం చూరు కింది నుండి లోపలికి వస్తుంది. వేసవి సూర్యుడు పైన ఉంటాడు గనుక చూరు అడ్డుకొంటుంది. 1940లో షికాగో సమీపాన గ్లెన్‌వ్యూలో హోవర్డ్ స్లోన్ అనే గృహవ్యాపారికి కెక్ కట్టిన ఇంటి నుండి ‘సౌరగృహం’ అన్న పేరు లోకంలో వ్యాపించినది. విమానపు కొట్టం నవ్వులపాలైనది. పనివారి చొక్కా చేతులు శాస్త్రమైనవి.

ఇక్కడ మన శ్రోతలకు ఒక హెచ్చరిక అవసరం. ఆ గాజు గోడలను చూచి మన నగరాలలోనూ గాజు మేడలు కట్టుతున్నారు. షికాగో 42వ అక్షాంశం దగ్గర ఉన్నది. గుంటూరు, విజయవాడలు 16వ అక్షాంశం దగ్గర ఉన్నవి. మే మొదటి వారంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు సరిగా నడినెత్తిన నిలుస్తాడు. మన ఇంటిని కాల్చేది గోడ కంటె ముఖ్యంగా కప్పు. చలిదేశంలో ఎండను లోపలికి పిలవడం విద్య. మనకు దానిని కప్పు మీదనే ఆపడం విద్య. మా తాతగారి ఇంట్లో పెంకుల సందులలో గాలి ఆడేది; కింద అటక ఉండేది; అటక మీద ధాన్యమో, పాత సామానో ఉండేది. ఎండ మనుష్యుని చేరేలోపల ఇన్ని గడపలు దాటవలసివచ్చేది. నేను వాటినన్నింటినీ తీసివేసి, ఎండకూ మా అమ్మకూ నడుమ అయిదంగుళాల కాంక్రీటు మాత్రం ఉంచినాను.

షికాగో వాడలోనే మరొక ఇల్లు ఉండేది. సున్నపురాతి తుక్కు, పలకరాయి, క్షారము కలిపి ఒత్తిన ‘రోస్టోన్’ అనే కృత్రిమ శిలతో దానిని కట్టినారు. గనుల వద్ద వృథాగా పడి ఉండే రాతి తుక్కును ఇల్లుగా మార్చడం మంచి ఆలోచనే. ఈ గోడకు ఎన్నటికీ మరమ్మతు అక్కరలేదని కట్టినవారు చాటించినారు. 1935లో ఆ ఇంటినీ, కెక్ ఇంటినీ, మరి కొన్నింటినీ మిచిగన్ సరస్సు దాటించి ఇండియానా ఒడ్డున బెవర్లీ షోర్స్ అనే విహారపట్టణానికి చేర్చినారు. 1950 నాటికి రోస్టోన్ పెచ్చులూడి పాడైపోగా దాని మీద మరొక కృత్రిమ శిల తొడగవలసివచ్చినది. కెక్ ఇంటి గాజును కూడ తీసి, తెరచుకొనే కిటికీలు పెట్టినారు. ‘ఎన్నటికీ మరమ్మతు అక్కరలేదు’ అన్న మాట చదివినప్పుడు నా డాబా మీది రంగు పొలుసులు జ్ఞాపకం వచ్చినవి. నాది రెండేళ్ళకు ఊడినది. వారిది ఇంచుమించు ఇరవై ఏళ్ళకు. మరమ్మతు అక్కరలేని ఇల్లు లేదు. మరమ్మతు ఎవరు చేయగలరు, దేనితో చేయగలరు అన్నదే అడగవలసిన మాట. మట్టిగోడ ఏటేటా మెత్తవలసిందే. కాని మెత్తే మన్ను పెరటిలో ఉండేది, మెత్తే చెయ్యి ఇంటిలోనే ఉండేది.

ఇక మన దేశం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో లక్షలాది శరణార్థులకు గూడు కల్పించవలసిన అగత్యం పడినది. 1948లో పంజాబులోని కర్నాల్ వద్ద మట్టికి కొద్దిపాటి సిమెంటు కలిపి దిమ్మిసలతో కూరిన గోడలతో వేల ఇళ్ళు లేపినారు. 1954 జనవరి 21 నుండి ఫిబ్రవరి 17 వరకు ఢిల్లీలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యవాన గృహవసతిని గురించిన సదస్సు జరిగినది. దానితో పాటుగా మన ప్రభుత్వం అల్పవ్యయ గృహాల అంతర్జాతీయ ప్రదర్శనాన్ని ఏర్పాటు చేసినది. సదస్సును నడిపిన జాక్వెలిన్ టిర్విట్ అనే ఆంగ్ల పురనిర్మాణవేత్త అక్కడ ఇళ్ళతో పాటు గ్రామకేంద్రమొకటి కట్టించి చూపినది: బడి, వైద్యశాల, చేతిపనుల శాల, నడుమ అందరూ కూడే బయలు. ఇల్లు ఒక్కటిగా బ్రదకదు, ఊరితో కలిసి బ్రదుకుతుంది అన్నది ఆమె ఉద్దేశం. ప్రదర్శనాలలో ఇల్లును ఒంటరిగా నిలబెట్టి అమ్మజూపే అలవాటుకు ఇది ఎదురు నడక. మళ్ళీ అటువంటిది నేనెక్కడా చూడలేదు. ఆ ఏడే జాతీయ భవననిర్మాణ సంస్థ కూడ ఏర్పడినది.

ఆ రోజులలోనే మన హైదరాబాదు నుండి ఒక గొప్ప ప్రయత్నం బయలుదేరినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయాల సంచాలకులు డాక్టర్ ఎస్. పి. రాజు మట్టితోనే పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిని గురించి ఆంగ్లంలో ఒక పుస్తకం ప్రకటించినారు. ఒకే మంట మీద వరుసగా పలు గిన్నెలు ఉడుకుతవి; పొగ గొట్టం గుండా కప్పు దాటిపోతుంది. ఇంజనీర్లు వంతెనలు, ఆనకట్టలు తప్ప తలపెట్టని కాలంలో ఒక పరిశోధనాలయాధిపతి మన తల్లుల కళ్ళమంటను గురించి ఆలోచించడం చిన్న విషయం కాదు. అయినా ఆ పొయ్యి పూర్తిగా గెలిచినదని చెప్పలేము. అటువంటి పొయ్యిలను దేశమంతటా వ్యాపింపజేయడానికి 1983లో మొదలైన జాతీయ పథకం 2002లో ముగిసింది. గొట్టంలో మసి పేరుకొన్నప్పుడు తీసేవారు లేక, పగిలినప్పుడు అతికేవారు లేక చాలా ఇళ్ళలో అవి మూలబడినవి. ఆలోచనలో లోపం లేదు. వెంట ఉండి చూచేవారు లేకపోవడమే లోపం.

తరువాతి కాలపు ప్రదర్శనాలలో ఒక్క మంచి మార్పు వచ్చినది. 1986లో ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో ‘ఎనర్జీ వరల్డ్’ పేర 51 ఇళ్ళు చూపినప్పుడు, ప్రతి ఇల్లు ఎంత ఇంధనం ఖర్చు చేస్తుందో లెక్క కట్టి చూపవలెనని నియమం పెట్టినారు. 2002లో అమెరికాలో మొదలైన ‘సోలార్ డెకాథ్లాన్’ పోటీలలో విద్యార్థులు కట్టిన ఇళ్ళను నిజంగా వాడి, కొలిచి మార్కులు వేసినారు. మాట స్థానంలో కొలత వచ్చినది. మన హైదరాబాదులో 2004 జూలై 14వ తేదీన అబ్దుల్ కలాంగారు ప్రారంభించిన సి.ఐ.ఐ. హరిత వాణిజ్య కేంద్రం, అమెరికా వెలుపల ఆ దేశపు ‘లీడ్ ప్లాటినం’ గుర్తింపు పొందిన మొదటి భవనం. దానిలో చూడదగినవి ఏమిటంటారా? నడిమి వాకిళ్ళు, రాతి జాలీలు, గాలి బురుజులు, మట్టి పరచి పచ్చిక పెంచిన కప్పు. మండువా లోగిలిలో పుట్టినవారికి, గోలకొండ చూచినవారికి వీటిలో సగం చుట్టాలే.

మళ్ళీ మా ప్రదర్శనానికి వస్తాను. ఈ చరిత్రంతా తలలో పెట్టుకొని ఈసారి అంగడి అంగడికీ ఒకే ప్రశ్న అడుగుతూ పోయినాను: “పదేళ్ళ కిందట మీరు వేసినది ఒక్కటి చూపగలరా?” కొందరు రంగుల పుస్తకం చేతిలో పెట్టినారు. ఒకతను, తమ సరుకు వచ్చినదే నిరుడని నిజం చెప్పినాడు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన చల్లని కప్పుల విధానం కాగితాన్ని ఒకతను చదివి వినిపించినాడు. విధానం మంచిదే, నేను అడిగినది మాత్రం కప్పును.

చివరి వరుసలో, ఎవరూ నిలబడని చోట, గానుగ సున్నం పనివారి అంగడి ఒకటి ఉన్నది. తెల్ల పెంకుముక్కలు సున్నంలో పొదిగి డాబా మీద పరచే పని వారిది. పెద్దవయస్సు మేస్త్రి నా ప్రశ్న విని, నవ్వి, కాగితం మీద రెండు చిరునామాలు వ్రాసి ఇచ్చినాడు. అందులో ఒకటి తెనాలిలోనే.

“ఇప్పుడు వెళ్ళకండి బాబూ, వానలు వెలిసిన తర్వాత వెళ్ళండి. పగుళ్ళేమైనా ఉంటే అప్పుడే బయటపడతవి,” అన్నాడు.

మా అమ్మ ఆ కాగితం నా చేతిలో నుండి తీసికొని, మడిచి, తన చేతిసంచిలో వేసికొన్నది. “నేనూ వస్తాను నాయనా. ఆ ఇంటి ముసలమ్మనడిగితే మధ్యాహ్నం నిద్ర పట్టుతున్నదో లేదో చెప్తుంది,” అన్నది.